మెట్ట ప్రాణికి మాగాణి ఇల్లు కాదు: నక్షత్ర తాబేలు నివాస పటం చెప్పే పాఠం

 

ఇలాంటి సంచికల్లో పేద పిల్లల చదువు, వైద్య సహాయం, వితంతువుల ఆదరణ వంటి విషయాలే ఎక్కువగా వస్తాయి. ఈసారి తాబేలు గురించి ఎందుకు రాస్తున్నారని మీరు అడగవచ్చు. కారణం ఒక్కటే. సదఖా ఇచ్చేవారికి ఒక సంగతి బాగా తెలుసు. మనసులో దయ ఉంటే చాలదు, అది చేరవలసిన చోటికి చేరాలి. ఆకలితో ఉన్నవాడికి దుప్పటి, చలికి వణికేవాడికి పుస్తకం ఇస్తే మన చేయి ఖాళీ అవుతుందే గాని వాడి అవసరం తీరదు. మూగజీవుల విషయంలోనూ అంతే. తాబేలును తొట్టిలో పెంచితే ఇంటికి కలిసివస్తుందని, బరకత్ వస్తుందని అనుకునేవారు ఉన్నారు. పాపం అనిపించి దాన్ని తీసుకెళ్ళి కాలువలో వదిలేసేవారూ ఉన్నారు. నక్షత్ర తాబేలు విషయంలో ఈ రెండు పనులూ దానికి కీడే చేస్తాయి. ఎందుకో తెలియాలంటే ఆ ప్రాణి ఎక్కడ పుట్టి, ఎక్కడ బతుకుతుందో పటం మీద చూడాలి.

ఏ తాబేలు?

మనకు తెలిసిన తాబేళ్ళు మూడు రకాల చోట్ల ఉంటాయి. కాలువల్లో, చెరువుల్లో ఉండే మెత్తటి డిప్ప తాబేలు మన పొలాలవారికి పరిచయమే. దివిసీమ తీరంలో, నాగాయలంక వైపు ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టడానికి వచ్చేది ఆలివ్ రిడ్లే సముద్ర తాబేలు. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం పరిధిలో అటవీశాఖవారు ఆ గుడ్లను కాపాడి, పిల్లలను సముద్రంలోకి వదలడం పత్రికల్లో చూస్తూనే ఉంటాము. మూడోది నేల మీదే పుట్టి, నేల మీదే జీవితమంతా గడిపే తాబేలు. నక్షత్ర తాబేలు ఈ మూడో రకానికి చెందినది.

దీని శాస్త్రీయ నామం జియోకెలోన్ ఎలిగన్స్. 18వ శతాబ్దం చివర షోప్ఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని శాస్త్ర లోకానికి పరిచయం చేశాడు. వీపు మీది డిప్ప గుమ్మటంలాగా ఎత్తుగా ఉంటుంది. నల్లటి డిప్ప మీద ఒక్కొక్క పెంకు నడిమి నుంచి పసుపు పచ్చని గీతలు కిరణాల్లా విచ్చుకుంటాయి. అందుకే ఆ పేరు. ఈ అందమే దానికి ప్రాణాంతకమయింది. ఆ సంగతి తరువాత చూద్దాం.

మూడు ముక్కల పటం

నక్షత్ర తాబేలు ప్రపంచం మొత్తం మీద భారత ఉపఖండంలో మాత్రమే సహజంగా బతుకుతుంది. ఇక్కడ కూడా అంతటా లేదు. పటం మీద రంగు వేయమంటే మూడు విడివిడి ముక్కలు వస్తాయి.

మొదటిది వాయవ్య భాగం. గుజరాత్, దాన్ని ఆనుకుని ఉన్న రాజస్థాన్ ప్రాంతం, సరిహద్దు దాటితే పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో థార్‌పార్కర్ వైపు భూములు. రెండోది దక్షిణ భాగం. మన రాయలసీమ, కర్ణాటక తూర్పు జిల్లాలు, తమిళనాడు మెట్ట ప్రాంతాలు. మన రాష్ట్రంలో ఉమ్మడి చిత్తూరు, అనంతపురం జిల్లాల ముళ్ళపొదల అడవులు దీనికి పేరుపడ్డ చోట్లు. పలమనేరు, కుప్పం పరిసరాల్లోని కౌండిన్య అభయారణ్యాన్ని ఏనుగుల కోసమే అందరూ చెప్పుకుంటారు, కాని ఆ అడవి నక్షత్ర తాబేలుకు కూడా ఇల్లే. మూడోది శ్రీలంకలోని పొడి ప్రాంతం.

ఈ మూడు ముక్కల మధ్య ఖాళీలు చాలా పెద్దవి. గుజరాత్‌కూ రాయలసీమకూ నడుమ వందల కిలోమీటర్ల దూరం ఉంది. శ్రీలంకకూ మనకూ నడుమ సముద్రం ఉంది. రోజుకు కొద్దిపాటి దూరం నడిచే ప్రాణి ఈ ఖాళీలు దాటలేదు. కనుక ఒక్కొక్క భాగంలోని తాబేళ్ళు తరతరాలుగా తమలో తామే పెరిగి, తమ నేలకు తగినట్లు కొద్దికొద్దిగా మారాయి. వాయవ్యంలోనూ శ్రీలంకలోనూ పెద్దవిగా పెరుగుతాయి, దక్షిణ భారతంలో కాస్త చిన్నవిగా ఉంటాయి. పైకి ఒకేలా కనబడినా రక్తంలోనూ తేడా ఉందని జన్యు పరీక్షలు చూపాయి.

వాన గీసిన గీత

ఈ పటాన్ని ఎవరు గీశారు? పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మేము ఈ ప్రశ్నకు జవాబుగా మరో పటం పక్కన పెడతాము. అది వర్షపాత పటం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు సగం దొరుకుతుంది.

కేరళ సంగతి చూడండి. వానలకు పెట్టింది పేరు. ఆ రాష్ట్రంలో నక్షత్ర తాబేలు ఉండకూడదు. కాని ఇడుక్కి జిల్లాలోని చిన్నార్ అభయారణ్యంలో ఉంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను తాకి పడమటి వాలు మీదే కురుస్తాయి. చిన్నార్ కనుమలకు తూర్పు వాలున, వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉంది. చుట్టూ పచ్చటి తేయాకు కొండలు ఉన్నా అక్కడ మాత్రం ముళ్ళపొదలే. తాబేలుకు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు, వాన సరిహద్దు తెలుసు. శ్రీలంకలోనూ ఇదే లెక్క. వానలు దండిగా పడే నైరుతి మూలలో ఇది లేదు. ఉత్తరాన, ఆగ్నేయాన ఉన్న పొడి అడవుల్లో ఉంది.

అలాగని ఎంత ఎండితే అంత మేలు అనుకోకూడదు. ఇసుక దిబ్బలు తప్ప మరేమీ లేని నట్టనడి ఎడారి దీనికి పనికిరాదు. గడ్డి, పొద, నీడ, ఏడాదికోసారి మంచి వాన కావాలి. ఎడారికీ పచ్చటి అడవికీ నడుమ ఉండే నేల, అంటే మనం మెట్ట అని పిలుచుకునే నేల దీని వతన్. పొలాల గట్ల మీది ముళ్ళకంచెల్లో కూడా ఇది బతుకుతుంది.

మిగతా సగం జవాబు చరిత్రలో ఉంది. మహారాష్ట్రలో కూడా ఎండిన నేలలు ఉన్నాయి, అయినా మధ్య దక్కనులో చాలా మేర ఈ తాబేలు లేదు. అంటే దీనికి మెట్ట కావాలి గాని, మెట్ట ఉన్నచోటల్లా ఇది లేదు. ఒక ప్రాణి ఒకచోట ఉండడానికి వేల తరాల ప్రయాణం కారణమవుతుంది. దాన్ని మనం ఒక్క పూటలో కారులో తెచ్చి మార్చలేము.

మన డెల్టాలో ఎందుకు లేదు?

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కృష్ణా జిల్లాలో వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. పైగా మనకు కాలువ నీరుంది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పామర్రు నుంచి గుడివాడ వైపు వెళ్ళినా, బందరు వైపు వెళ్ళినా, చల్లపల్లి మీదుగా దివిసీమలోకి దిగినా కంటికి ఆనేది వరిచేనే. కోతలయ్యాక అదే మడిలో మినుము. నల్లరేగడి నేల, నిలిచే నీరు, బురద.

నక్షత్ర తాబేలు ఈత రాని ప్రాణి. దాని కాళ్ళు స్తంభాల్లా మందంగా ఉంటాయి, వేళ్ళ మధ్య చర్మం ఉండదు. అది పొడి నేలలో గుంట తీసి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు నేల వేడికి నెలన్నర మొదలు అయిదారు నెలల దాకా పొదగాలి. నెలల తరబడి నీరు నిలిచే మడిలో ఆ గుడ్లు ఏమవుతాయో రైతు బిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. ఇక 1977 నవంబరు 19 ఉప్పెనను కళ్ళారా చూసిన పెద్దలకు ఈ పల్లపు నేల మీద నీరు ఎంత దూరం రాగలదో తెలుసు. ఈ నేల మనకు అన్నం పెట్టే తల్లి. ఆ తాబేలుకు మాత్రం పరాయి దేశం.

మెట్టకు అమరిన శరీరం

సృష్టికర్త ఏ ప్రాణిని ఏ నేలలో ఉంచాడో ఆ నేలకు తగిన సామగ్రి దానికి ఇచ్చాడు. నల్లని డిప్ప మీది పసుపు గీతలు మన చేతిలో ఉన్నప్పుడు కొట్టొచ్చినట్లు కనబడతాయి. అదే ఎండుగడ్డి పరకల మధ్య, ముళ్ళకొమ్మల నీడలో చూస్తే వెలుగునీడల్లో కలిసిపోయి, తాబేలు అక్కడే ఉన్నా కంటికి ఆనదు.

ఎండ ముదిరేలోపు మేసి, మధ్యాహ్నం పొద కింద చేరి, సాయంత్రం మళ్ళీ బయటికి వస్తుంది. గడ్డి, లేత ఆకులు, రాలిన పూలు, పండ్లు దాని ఆహారం. ఆకుల్లోని తేమనే పొదుపుగా వాడుకుంటుంది. నడివేసవిలో కదలిక బాగా తగ్గించుకుని, తొలకరి పడగానే చురుకవుతుంది. జతకట్టడం, గుడ్లు పెట్టడం వానాకాలంతోనే ముడిపడి ఉంటాయి. నేల గట్టిగా ఉంటే ఆడ తాబేలు తన మూత్రంతో తడిపి గుంట తవ్వుతుంది. ఒక్కో కాన్పుకు గుడ్లు సాధారణంగా పదికి మించవు. గుంటలోని వేడిని బట్టి పిల్ల ఆడో మగో నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువగా ఉంటే ఆడపిల్లలు పుడతాయి.

డిప్ప ఆకారంలో మరో విశేషం ఉంది. ఎత్తయిన గుమ్మటం వల్ల వెల్లకిలా పడినా ఈ తాబేలు తేలికగా తిరిగి లేవగలదు. హంగేరీకి చెందిన డొమొకోష్, వార్కొన్యి అనే ఇద్దరు పరిశోధకులు, ఎలా పడేసినా చివరికి ఒకే భంగిమలో నిలిచే గొంబొత్స్ అనే ఘనాకారాన్ని గణితంతో రూపొందించారు. తరువాత వారే 2008లో తాబేళ్ళ డిప్పలను కొలిచి చూశారు. నక్షత్ర తాబేలు డిప్ప ఆ ఆకారానికి చాలా దగ్గరగా ఉందని తేలింది. మనిషి లెక్కలు వేసి చేరిన చోటికి ఈ ప్రాణి ఎప్పుడో చేరి ఉంది. ఆలోచించేవారికి ఇందులో సూచన ఉంది.

పటం చెరిగిపోతున్న తీరు

ఈ పటానికి రెండు వైపుల నుంచి ముప్పు వస్తున్నది.

మొదటిది నేల పోవడం. ముళ్ళపొదల నేలను మనం బీడు అంటాము, పనికిరానిది అంటాము. రేగు, బలుసు, తుమ్మ, జెముడు పొదలను కొట్టి చదును చేస్తే అభివృద్ధి అనుకుంటాము. కడప జిల్లాలోని అలాంటి పొదల్లోనే, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనబడింది. మన కంటికి బీడుగా కనబడేది మరో ప్రాణికి నిండు ఇల్లు.

రెండోది దొంగ వ్యాపారం. డిప్ప అందం చూసి ఇంట్లో పెంచుకోవాలని కోరేవారు దేశవిదేశాల్లో ఉన్నారు. 2015లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం మన దేశంలో ఒక్క సేకరణ కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు అడవి నుంచి పట్టుబడి తరలుతున్నాయి. గోనె సంచుల్లో, పెట్టెల్లో, బట్టల మధ్య కుక్కి పంపుతారు. దారిలో చచ్చేవి చస్తాయి. 2018లో విశాఖపట్నం రైల్వే స్టేషనులో డి.ఆర్.ఐ. అధికారులు వెయ్యికి పైగా తాబేళ్ళను పట్టుకున్నారు. దక్షిణాది నుంచి హౌరా వైపు పోయే రైళ్ళు మన విజయవాడ మీదుగానే పోతాయి. కాబట్టి ఇది ఎక్కడో జరిగే కథ కాదు.

ఈ వ్యాపారంలో అడవి పక్కన కూలి చేసుకునే పేదవాడికి దక్కేది కొద్ది రూపాయలు. లాభమంతా పై మెట్ల మీద ఉన్నవారిది. పట్టుబడితే జైలుకు పోయేది మాత్రం తరచు ఆ పేదవాడే. కనుక తాబేలును కొన్నవాడు ఒక మూగజీవికే కాదు, ఒక పేద కుటుంబానికి కూడా అన్యాయం చేసినట్లే.

చట్టం ఇప్పుడు గట్టిగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు నక్షత్ర తాబేలును మొదటి షెడ్యూలులో చేర్చారు. దీన్ని పట్టినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ళ జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. 2019లో జెనీవాలో జరిగిన సైటీస్ సమావేశం దీన్ని మొదటి అనుబంధంలోకి మార్చింది. అంటే అడవిలో పట్టిన తాబేలుతో దేశాల మధ్య వ్యాపారం నిషిద్ధం.

వదిలేస్తే సరిపోదా?

ఇక్కడే మంచి మనసున్నవారు పొరబడతారు. ఇంట్లో ఉంచడం తప్పయితే తీసుకెళ్ళి దగ్గరి కాలువలో వదిలేద్దాం అనుకుంటారు. మన డెల్టా కాలువలో వదిలితే అది మునిగిపోతుంది. గట్టు మీద వదిలితే తేమకు ఊపిరి జబ్బు తెచ్చుకుంటుంది, కుక్కలకు చిక్కుతుంది. సరే, ముళ్ళపొదలున్న ఏదో ఒక అడవిలో వదిలితే? అది గుజరాత్ తాబేలో, రాయలసీమ తాబేలో కంటితో చూసి చెప్పలేము. ఒక ప్రాంతపు తాబేలును మరో ప్రాంతంలో వదిలితే వాటి వంశాలు కలగాపులగమవుతాయి. ఇంట్లో అంటుకున్న జబ్బు అడవిలోని వాటికీ పాకవచ్చు.

సరైన పద్ధతి ఎలా ఉంటుందో హైదరాబాద్ శాస్త్రవేత్తలు చూపారు. దొంగతనంగా సింగపూర్ చేరిన నక్షత్ర తాబేళ్ళను 2004లో మన దేశానికి తిరిగి పంపారు. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు వాటి డి.ఎన్.ఎ.ను పరీక్షించి, అవి దక్షిణ భారతానికి చెందినవని తేల్చారు. తప్పిపోయిన పిల్లవాడిని ఇల్లు కనుక్కుని అప్పగించినట్లు, ముందు ఊరు తెలుసుకుని తరువాత పంపడం అన్నమాట. దయకు తెలివి తోడయితే ఇలా ఉంటుంది.

ధర్మం ఏమంటుంది?

భూమి మీద నడిచే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనలాంటి సమూహాలే అన్న భావం దివ్య ఖుర్‌ఆన్‌లో అల్ అన్‌ఆమ్ సూరా 38వ వాక్యంలో ఉంది. సమూహం అన్నప్పుడు దానికి తన నేల, తన బంధువులు, తన బతుకు తీరు ఉంటాయి. నక్షత్ర తాబేలు పటంలోని మూడు ముక్కలు మూడు సమూహాలని మేము పిల్లలకు చెబుతాము.

పిల్లిని కట్టివేసి, తాను మేత పెట్టక, నేల మీద దొరికేది తినడానికి వదలక చంపిన స్త్రీ శిక్షకు గురయిందన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. గడ్డి తినే ప్రాణిని తొట్టిలో ఉంచి అన్నం మెతుకులు, బిస్కెట్లు వేస్తే అది మేత పెట్టినట్టా, పెట్టనట్టా? అలా పెరిగిన తాబేలు డిప్ప వంకరపోతుంది, ఎముక బలహీనమవుతుంది. కొందరు పిట్ట పిల్లలను తీసుకున్నప్పుడు తల్లి పిట్ట తల్లడిల్లడం చూసి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఆదేశించిన సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది. తీసినచోటికి తిరిగి చేర్చడమే అక్కడి ఆదేశం.

ఇక బరకత్ సంగతి. లాభనష్టాలు అల్లాహ్ చేతిలో ఉన్నాయని నమ్మేవారు తొట్టిలోని తాబేలు దుకాణానికి గిరాకీ తెస్తుందని ఎలా నమ్ముతారు? ఈ మాట నొప్పించడానికి అనడం లేదు, మన ఇళ్ళలో మనమే సరిదిద్దుకోవలసినది కనుక అంటున్నాము.

మనం చేయగలిగినవి

1. నక్షత్ర తాబేలును కొనవద్దు, కానుకగా తీసుకోవద్దు. కొనేవాడు లేకపోతే పట్టేవాడు ఉండడు.

2. రాయలసీమ వైపు ప్రయాణంలో రోడ్డు మీద కనబడితే వాహనం ఆపి, అది ఏ వైపు పోతుందో ఆ వైపు గట్టు దాకా చేర్చి వదలండి. వెంట తెచ్చుకోవద్దు.

3. తెలిసినవారి ఇంట్లో ఉంటే దాన్ని ఎక్కడా వదలకుండా అటవీశాఖ కార్యాలయానికి అప్పగించేలా నచ్చజెప్పండి. అమ్మకం కంటబడితే అటవీశాఖకు గాని, 112కు గాని తెలపండి.

4. మన బడుల్లో, మదరసాల్లో భూగోళం పాఠంతో పాటు ఈ పటాన్నీ గోడకు తగిలించండి. ఒక పటం ఖరీదు పెద్దది కాదు, చూసే కళ్ళు ఎన్నో.

5. మన సొంత నేలలోని ప్రాణులను మరవవద్దు. కాలువ తాబేలు, దివిసీమ తీరపు సముద్ర తాబేలు మన పొరుగువారు. కాలువలోకి ప్లాస్టిక్ సంచి విసరకపోవడం కూడా సదఖాయే. నాటిన మొక్క ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవారి ఖాతాలో సదఖాగా చేరుతుందని హదీసు చెబుతున్నది కదా.

పిల్లలతో చర్చించడానికి

కేరళలో వానలు ఎక్కువ. అయినా చిన్నార్‌లో నక్షత్ర తాబేలు ఎలా ఉంది? శ్రీలంక పటంలో అది లేని మూల ఏది, ఎందుకు? మన ఊరి చెరువులో దాన్ని వదిలితే ఏమవుతుంది? బీడు అని మనం పిలిచే నేలలో ఏయే ప్రాణులు ఉంటాయో పెద్దలను అడిగి రాయండి.

దాతలారా! మీరిచ్చే ప్రతి రూపాయి అర్హులకు చేరాలని సంఘం పెద్దలు ఎంత విచారించి పంచుతారో మీకు తెలుసు. అదే విచారణ మూగజీవులపై చూపే దయలోనూ ఉండాలని మా విన్నపం. భూమి మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. అమానతులో ఏ వస్తువు ఎక్కడిదో తెలుసుకుని, అక్కడే ఉండనివ్వడం అప్పగింతలో మొదటి బాధ్యత. ఆ బాధ్యత నెరవేర్చే తెలివినీ, ఓపికనూ అల్లాహ్ మనకూ మన పిల్లలకూ ప్రసాదించుగాక. ఆమీన్.